చెప్పకుండా అప్పగించిన షిఫ్టు

జీడిమెట్లలో ఇనుప అచ్చులు చేసే ఒక టూల్‌రూములో పనిచేసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం షిఫ్టు అప్పగించేటప్పుడు నేను ఒక మాట చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాను. మెషిన్‌లో ఇనుము కోసే టూలు మార్చాను, దాని పొడవు మళ్ళీ కొలవలేదు. ఆ మాట అంతే. బస్సు పోతుందన్న తొందరలో మరిచిపోయాను. అక్కడితో ఆగితే అది పొరపాటు. ఆ వారంలోనే అందరి మధ్య కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, చెప్పేవాళ్ళుంటే చెప్పమన్నారు. అప్పుడూ నోరు విప్పలేదు.

ఇప్పుడు నేను గాజువాకలో ఒక టూల్‌రూముకు పెద్దని. నా కింద పని నేర్చుకున్న వాళ్ళందరికీ సుజాత కథ చెప్పాను. చూసుకోకుండా స్టార్ట్ బటన్ నొక్కి కొత్త మెషిన్‌ని పాడుచేసిన అమ్మాయి కథ. రక్తి కట్టేలా చెబుతాను కూడా. పోయిన నెలలో కొత్తగా చేరిన ఒకమ్మాయి అంతా విని, "ముందు షిఫ్టాయన ఆవిడకి ఏం చెప్పి వెళ్ళాడండీ?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. గుర్తులేదన్నాను. అదీ అబద్ధమే.

ఆ వారమే సెలవు పెట్టి రైలెక్కాను. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా నా నోట ఆ కథ విన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

జీడిమెట్ల

సికింద్రాబాదులో దిగి నేరుగా జీడిమెట్ల వెళ్ళాను. అక్కడ పని ఉండి కాదు. మా పాత షెడ్డు చూస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. మందుల కంపెనీల వాసన మాత్రం మారలేదు. గొంతులో చేదుమాత్ర కరిగినట్టుంటుంది. మా షెడ్డులో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. కాపలా మనిషి లోపలికి రానివ్వలేదు. గేటు సందులోంచి, మేం చాయ్ తాగే మూల వరకూ కనిపించింది.

ఎదురుగా బండి మీద ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీతో అల్లం చట్నీ కావాలంటే పోరుపెట్టి అడగాలి. ఇక్కడ పల్లీ చట్నీ, పైన కారంపొడి వాళ్ళే చల్లేస్తారు. బండి నడిపే ఆమె నా వాలకం చూసి, పని కోసం వచ్చానా, ఏ కంపెనీలో అడిగాను అని ఆరా తీసింది. పని కోసం కాదన్నాను. "ఈ వయసుల ఇంకెందుకొస్తరు గీడికి?" అని నవ్వింది.

ఆ మూల గురించి చెప్పాలి. మా మేస్త్రి మల్లేశం గారు శనివారం భోజనాలయ్యాక మెషిన్లు ఆపించి అక్కడ అందరినీ కూర్చోబెట్టేవారు. ఆ వారం ఎవరి చేతిలో పని చెడిందో వాళ్ళు చెడిన ముక్కను పట్టుకుని లేచి చెప్పాలి. మొదటి చాయ్ వాళ్ళకే. చెప్పడం పూర్తయ్యేదాకా ఎవరూ నవ్వకూడదు, పూర్తయ్యాక ఎంతైనా నవ్వుకోవచ్చు. మేస్త్రి ఎప్పుడూ "ఎట్లయింది?" అనే అడిగేవారు. "ఎవరు?" అని ఆయన నోట రాగా నేను వినలేదు.

చేరిన కొత్తలో నేను ఇనుప పలకను తిరగేసి పెట్టి రంధ్రాలు వేశాను. మొదటి చాయ్ నాదైంది. "మా సత్తి ఆంధ్ర దిక్కు మొగంజేసి బెజ్జాలేసిండు" అని అందరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పలకకు గుర్తు పెట్టకుండా డ్రిల్లు దించింది లేదు. నేనే కాదు, ఆ నవ్విన వాళ్ళలో ఎవరూ ఆ తప్పు చేయలేదు. చదువు నాకు ఐటీఐ ఇచ్చింది. పని మాత్రం, నావీ పక్కవాళ్ళవీ చెడిన ముక్కలే నేర్పాయి.

సుజాత బర్రులు గీకే బల్ల దగ్గర చేరింది. బర్రులంటే కోసిన ఇనుము అంచుల్లో మిగిలే గరుకు ముళ్ళు. అక్కడి నుంచి పట్టుపట్టి మెషిన్ దాకా ఎదిగింది. మా దగ్గర మెషిన్ ఎక్కిన మొదటి ఆడమనిషి తనే. అది కంప్యూటర్ మీద నడిచే మిల్లింగ్ మెషిన్. దానికి కళ్ళు లేవు. బిగించిన టూలు ఎంత పొడవో మనం కొలిచి చెప్పాలి. మనం చెప్పిన పొడవు నమ్మి అది కిందికి దిగుతుంది. ఆ రోజు పాత టూలు విరిగితే నేను దానికంటే పొడవైంది బిగించాను. పొడవు మార్చలేదు. సుజాత వచ్చేసరికి సంచీ భుజానేసుకుని ఉన్నాను. "అంతా సెట్ చేసి ఉంది, స్టార్ట్ నొక్కడమే" అన్నాను. తను నొక్కింది. టూలు నేరుగా కింద బిగించిన మౌల్డులోకి, అంటే మేం చేస్తున్న అచ్చులోకి, దిగబడి, టూలును పట్టి తిప్పే స్పిండిల్ వంగిపోయింది.

ఆ శనివారం చాయ్‌కి ఎప్పుడూ రాని ఓనరు వచ్చి కూర్చున్నాడు. సుజాత లేచి, తనే నొక్కానని, ఎట్లయిందో మాత్రం తెలియదని చెప్పింది. మేస్త్రి అందరి ముఖాలూ చూస్తూ, "ఇంకెవరికన్న ఎరుకైతే చెప్పున్రి" అన్నారు. నేను గ్లాసులోకి చూస్తూ ఉన్నాను. షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టు అప్పుడే ఖాళీ అయింది. తర్వాత ఓనరు నన్ను పిలిచి సుజాత గురించి అడిగితే, "ఆమెకి ఇంకా టైం పడుతుందండీ" అన్నాను. సుజాతను మళ్ళీ బర్రులు గీకే బల్లకు పంపారు. నేను ఇన్‌ఛార్జినయ్యాను.

మరుసటి శనివారం ఎవరి దగ్గరా చెప్పడానికి తప్పు లేదు. ఆ పై శనివారమూ లేదు. తప్పులు ఆగలేదు, చెప్పడం ఆగింది. చెడిన ముక్కలు టిఫిన్ డబ్బాల్లో గేటు దాటాయి. చాయ్ ఆగిపోయింది. కొన్నాళ్ళకు సుజాత మానేసింది. కొత్తగా చేరినవాళ్ళు ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళుగానే ఉండిపోయారు.

మేడ్చల్

మేడ్చల్ బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు నా ఒళ్ళో ఇళ్ళ ప్లాట్ల రంగుల కాగితాలు పెట్టేశాడు. రింగురోడ్డుకు దగ్గర, బడికి దగ్గర, ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత ఏడుస్తారు అన్నాడు. నేను ఊరికే ఊ కొడుతూ ఉంటే నేను కొంటానని ఖాయం చేసేసుకున్నాడు. మేడ్చల్‌లో దిగినా వదల్లేదు. తీరా చూస్తే మేమిద్దరం ఒకే ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళం. మల్లేశం మేస్త్రి కొడుకు తమ పొలంలో ప్లాట్లు వేశాడు. ఇతను అతని మనిషి. ఇంటి ముందు గదిలో గాజు బల్ల మీద గుండుసూదులు గుచ్చిన లేఅవుటు పటం ఉంది. మేస్త్రి బయట నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. అతను నన్ను కొనుగోలుదారుగా పరిచయం చేశాడు.

"వీడా? వీడు కొనడురా. వీడు మా సత్తి" అన్నారు మేస్త్రి. నా రెండు చేతులూ పట్టుకుని బోర్లించి, వేళ్ళు చూశారు. పనిచేసేవాళ్ళను ఆయన అలాగే పలకరిస్తారు. "చేతులు మెత్తగైనయ్. పెద్ద సారువైనట్టున్నవ్."

మధ్యాహ్నం బగారన్నం, కోడికూర పెట్టారు. మా ఇళ్ళల్లో పప్పుతో మొదలుపెట్టి మెల్లగా కూరలోకి వెళతాం. ఇక్కడ చుట్టం వచ్చాడంటే తిన్నగా మాంసమే. మేస్త్రి భార్య వద్దన్నకొద్దీ వడ్డించింది. ఆయన ఎదురుగా కూర్చుని, పక్కింటాయన్ని పిలిచి మరీ నన్ను చూపించారు. తన చేతి కింద నేర్చుకున్న వాళ్ళందరిలో నేనే పైకొచ్చానట. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. కారం ఎక్కువైందేమోనని ఆవిడ పెరుగు తెచ్చింది.

నేను ఇంటి దగ్గరే ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చాను. ఆ రోజు మా ఇద్దరివైపునా పొరపాటు ఉంది అని. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. ప్రాణం మీదికి రాదు. సుజాత ఎక్కడుందని మేస్త్రిని అడిగాను. శామీర్‌పేట అవతల సొంతంగా షెడ్డు పెట్టుకుందని, మాత్రలు ప్యాకింగు చేసే మెషిన్లకు విడిభాగాలు చేస్తోందని చెప్పారు. ఆ చెప్పడంలో గర్వం ఉంది, ఇంకేదో కూడా ఉంది. తర్వాత ఆయనే అన్నారు:

"గా పోరికి నేనే సరిగ్గ నేర్పలేదు సత్తీ. నేర్పకముందే మెషినెక్కించిన. గందుకే ఆమె బతుకు గట్లయింది. చాయ్ బంద్ వెట్టింది గూడ నేనే. ఏం మొగం పెట్టుకోని అడగాలె, ఎట్లయిందని?"

ఇంతకాలం నేను ఒక మనిషికే అన్యాయం చేశాననుకున్నాను. ఆ మాట విన్నాక ఆయన ముఖం చూడలేక, చేయి కడుక్కునే నెపంతో లేచాను.

దేవరయాంజాల్

మర్నాడు పొద్దున్నే మేస్త్రి స్కూటర్ తీశారు. దేవరయాంజాల్‌లో రాములవారి దర్శనం చేసుకుని, అటునుంచే శామీర్‌పేట పోదామన్నారు. ఆ వయసులో ఆయన వెనక కూర్చోవడం నాకు భయమే. దారి పొడవునా ప్రహరీగోడలు, గోడల వెనక ఏమీ లేదు. పెద్ద పెద్ద కమానులు, వాటిలోంచి లోపలికి వెళ్ళే మేకలు.

గుడి పాతది. రాతి మండపంలో పొద్దుటి చల్లదనం ఇంకా ఉంది. మా వైపు గుడుల్లో ఉండే తోపులాట లేదు. దర్శనమయ్యాక ఆయన మండపంలో కూర్చుని కొబ్బరిచిప్పలోంచి ముక్క తీసి ఇచ్చారు. ఇక్కడ చెప్పకపోతే సుజాత ముందు ఈయన నన్ను ఆకాశానికెత్తుతారు, ఆ తర్వాత అసలు చెప్పలేను అనిపించింది. తయారుచేసుకున్న వాక్యం బయటికి తీశాను. ఆ రోజు షిఫ్టు అప్పగించడం సరిగ్గా జరగలేదు మేస్త్రీ, పొరపాటు అటూ ఇటూ ఉంది అన్నాను.

ఆయన నమలడం ఆపారు. ఇనుముతో ఒక జీవితం గడిపిన మనిషికి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

"టూలు మారిందా?"

మారిందన్నాను.

"ఎవరు మార్చిన్రు?"

ఆయన నోట ఆ మాట మొదటిసారి విన్నాను. నేనే అన్నాను. కొలవలేదన్నాను. శనివారం నాటికి నాకు తెలుసని కూడా, ఆయన అడగకుండానే చెప్పేశాను. అరుస్తారనుకున్నాను, కొడతారని కూడా అనుకున్నాను. ఆయన కొబ్బరిచిప్పలు కండువాలో మూటకట్టుకుని లేచారు. చెప్పులు వేసుకున్నారు. నేను వెనకే వెళ్ళి స్కూటర్ ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నేను ఫోను జేసి చెప్పొచ్చు. కానీ చెప్ప. నువ్వు వస్తున్నవని మాత్రం చెప్త. ఇంక నువ్వు అటుదిక్కే పోవాలె, ఇటు రావొద్దు" అన్నారు. స్కూటర్ మలుపు తిరిగాక నా సంచీ ఆయన ఇంట్లోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది.

తూంకుంట, శామీర్‌పేట

తూంకుంట వైపు నడిచాను. దారిలో మక్కబుట్టలు, అంటే మొక్కజొన్న పొత్తులు, కాల్చే ఆమె దగ్గర నీళ్ళడిగి తాగాను. తూంకుంటలో షేర్ ఆటో దొరికింది. వెనక ముగ్గురు కూర్చునే చోట ఐదుగురం, మీద ఒక గంప. అందరూ ఒకరినొకరు ఎరిగినట్టే మాట్లాడుకుంటున్నారు. నన్ను ఏ ఊరని అడిగారు. వైజాగ్ దగ్గరంటే, సముద్రం విడిచిపెట్టి ఈ ఎండలో ఏం పని అని గంప పెద్దమ్మ జాలిపడింది. ఒక మనిషిని కలవాలన్నాను. "అప్పిచ్చినవా?" అంది. ఆటో అంతా నవ్వింది.

శామీర్‌పేట చెరువు దగ్గర దిగిపోయాను. సుజాత షెడ్డు ఇంకా ముందుంది. కట్ట కింద చేపలు వేయించే కొట్టు ఉంది. బొచ్చె చేప ముక్కలకు మసాలా దట్టించి నూనెలో వేస్తారు. సముద్రపు చేప తిన్న నోటికి చెరువు చేప కాస్త మట్టి వాసన వేస్తుంది, మసాలా అందుకే కాబోలు. సగం తిని వదిలేశాను. కొట్టామె ఆ పళ్ళెం వైపు చూసి, "గట్ల ఇడిసిపెడ్తే చేప ఉసురు తగుల్తదే" అంది. ఇంకో ఉసురుకి చోటు లేదమ్మా అనుకున్నాను. వెనక్కి సికింద్రాబాద్ వెళ్ళే బస్సు ఒకటి కళ్ళముందే ఆగి, నా కోసమన్నట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. నేను అవతలి వైపు వెళ్ళే ఆటో ఎక్కాను.

సుజాత షెడ్డు

రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, దాని కింద సరుకు తీసుకెళ్ళే చిన్న వ్యాను. వ్యాను డ్రైవరు సీట్లోనే పడుకుని ఉన్నాడు. లోపల మెషిన్లు కొన్ని ఉన్నాయి. ఒకటే తిరుగుతోంది. మిగతావాటి దగ్గర మనుషులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కరెంటు సమస్యేమో అనుకున్నాను.

గుమ్మం దగ్గరున్న భాస్కర్ అనే ఆపరేటరు కుర్చీ వేశాడు. ముప్పై దాటిన మనిషి, మీసం అప్పుడే నెరుస్తోంది. ఎందుకు ఆగిపోయిందని అడిగాను. టూలు మార్చారట. మేడం వచ్చి కొలవాలట.

"మీకు రాదా?"

"వస్తది సార్. కానీ ముట్టనియ్యది. గుడి ముంగట బిచ్చపోళ్ళ లెక్క నిలబడుతం. ఆమె రావాలె, కొలవాలె, మల్లొకపారి కొలవాలె, ఊ అనాలె." గొంతు తగ్గించాడు. "జీతం మంచిగనే ఇస్తది. పనే ఇయ్యది. నేను ఈ నెలాఖరుకు పోతున్న."

తిరిగే మెషిన్ వెనక నుంచి సుజాత వచ్చింది. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి, నడక మాత్రం అదే, ఎవరో తరుముతున్నట్టు. నన్ను చూసి నిలబడిపోయింది. సత్తన్నా అని పిలిచింది. ఆ పిలుపు కోపంగా ఉంటే బాగుండేది.

మంచినీళ్ళు తెప్పించింది, పిల్లల గురించి అడిగింది, మేస్త్రి ఫోన్ చేశారని, గొంతు ఒకలా ఉందని, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. జవాబు చెప్పేలోపే ఆగిన మెషిన్ దగ్గరికి వెళ్ళి టూలు కొలిచింది. మళ్ళీ కొలిచింది. బటన్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. నొక్కే ముందు భుజాలు బిగుసుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. టూలు మెల్లగా దిగి ఇనుమును తాకి పని మొదలుపెట్టాకే ఊపిరి వదిలింది. తర్వాత ఇంకో మెషిన్. రోజంతా ఇదే కాబోలు. ఎదిగే మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళను ఎదగనిచ్చే ధైర్యాన్ని ఈమె నుంచి నేను లాక్కున్నాను.

వచ్చి ఎదురుగా కూర్చుని, నేను అడగకుండానే అంది.

"భాస్కర్ చెప్పే ఉంటడు. నాకెరుకే. పోరగాళ్ళు ఒక్కొక్కలు పోతున్నరు. నేను పట్టుకోలేకపోతున్న."

వాళ్ళకు వదిలేయొచ్చు కదా అన్నాను.

"ఎట్ల ఇడుస్తనన్నా? ఎరుకైన తప్పయితే మల్ల చెయ్యం, వేరేటోళ్ళకు గూడ చెప్తం. గా రోజు నేనేం తప్పు జేసిన్నో నాకు ఇప్పటిదాంక ఎరుకలేదు. ఎన్నిసార్లు యాదిజేసుకున్నా దొరకది. మల్ల ఎప్పుడన్న చేస్తనేమో, వీళ్ళతోటి చేయిస్తనేమో అని భయం."

నేను తయారుచేసుకున్న వాక్యం నోటి దాకా వచ్చింది. ఇద్దరివైపునా పొరపాటు. దాన్ని మింగేశాను.

"టూలు నేను మార్చాను" అన్నాను. "పాతది విరిగింది. పొడవుది పెట్టాను. కొలవలేదు. నీకు చెప్పలేదు."

మెషిన్ల చప్పుడులో సగమే వినబడిందనుకుంటాను. తను నా పెదాల వైపే చూస్తోంది. లేచి వెళ్ళి తిరుగుతున్న మెషిన్లన్నీ ఆపేసింది. షెడ్డు నిశ్శబ్దమైంది. భాస్కర్, మిగతావాళ్ళు ఏమైందోనని ఇటు తిరిగారు. వాళ్ళను బయటికి పంపుతుందేమోనని చూశాను. పంపలేదు.

"కొలవలేదా?"

"లేదు."

"శనివారం మేస్త్రి అడిగినప్పుడు నీకెరుకేనా?"

"తెలుసు."

"నన్ను బల్ల కాడికి పంపినప్పుడు?"

"నన్ను అడిగే పంపారు. నీకింకా టైం పడుతుందని చెప్పింది నేనే."

సుజాత కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఏడవలేదు. ఆ రోజును మొదటినుంచి మళ్ళీ తిరగేసుకుంటున్నట్టు మెషిన్ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, ప్రతి మాటా కొలిచినట్టు అడిగింది.

"మరి గా రోజు నా తప్పేంది సత్తన్నా?"

లేచి నిలబడ్డాను. అక్కడున్న అందరికీ వినబడేలా చెప్పాను.

"ఏమీ లేదు సుజాతా. ఆ రోజు నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. నా మాట నమ్మావు, అంతే. తప్పు నాది. దాన్ని నీ పేరు మీద వేసి నేను పైకి వెళ్ళాను, ఇన్నాళ్ళూ అది నీ తప్పని ఊరంతా చెప్పుకు తిరిగాను. నన్ను క్షమించమ్మా."